ప్రైమరీలో పరుల సొమ్ము

2024 జూన్ 25న న్యూయార్క్ 16వ నియోజకవర్గపు డెమోక్రటిక్ ప్రైమరీలో జమాల్ బౌమన్ ఓడిపోయారు. గాజాలో కాల్పుల విరమణ కోరిన ఆయనపై ఇజ్రాయెల్ అనుకూల సంస్థ ఐపాక్ తాలూకు కమిటీ దాదాపు 1.4 కోట్ల డాలర్లు కుమ్మరించింది. అందులో రిపబ్లికన్ దాతల సొమ్మూ ఉంది! విచిత్రమేమంటే, ఆ ప్రకటనలలో గాజా ఊసు దాదాపు లేదు. ఆయన బైడెన్‌కు అడ్డుపడ్డారన్నదే ఆరోపణ. ఆగస్టులో మిస్సోరీలో కోరీ బుష్‌కూ ఇదే గతి పట్టింది.

బౌమన్ పొరపాట్లు ఆయనకున్నాయి, ఓటరు తీర్పును మేము కాదనము. అయితే ప్రైమరీలో ఓటేసేవారు కొద్దిమందే గనుక అక్కడ సొమ్ముకు బలమెక్కువ. అయినా, ఎవరు ఎంత వెచ్చించారో అక్కడ లెక్క దొరుకుతుంది. మన బస్తీలలో పార్టీ టికెట్టు ఎవరి సొమ్ముతో ఖరారవుతున్నదో అడుగుదామంటే, లెక్కా లేదు, ప్రైమరీయే లేదు.