హోటలు బల్ల దగ్గర మన హక్కు

ఆసుపత్రి పనికో, పెండ్లి బట్టలకో పట్టణము వెళ్లినప్పుడు మనము హోటలులో భోంచేస్తాము. తుడిచిన బల్ల, కడిగిన గ్లాసు, ముందుగా చెప్పిన ధర, కారులో వచ్చినవారికీ బస్సు దిగినవారికీ ఒకే మర్యాద కోరుట అత్యాశ కాదు.

బిల్లు చదివి డబ్బు కట్టుదము. జి.ఎస్.టి. ప్రభుత్వ పన్ను. సర్వీసు చార్జి పన్ను కాదు. మనల నడుగకుండ దానిని బిల్లులో కలుపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో చెప్పినది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటను సమర్థించినది. కలిపితే తీసివేయమని నెమ్మదిగా అడుగుదము. వినకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చును.

అయితే తప్పు యజమానిదైనప్పుడు ఎంగిలి పళ్లెము తీసే మనిషిపై కేకలు వేయకుందము. అతడు ఆదరముగా వడ్డించినట్లయితే, ఇష్టముగా ఇచ్చే పది రూపాయలు అతని చేతిలోనే పెట్టుదము.