మునసబు గారూ, మన తామరకొలనూ

ప్రతి ఏడాదీ మన సంచికలో ప్రేమ మీద నాలుగు కవితలు, వరకట్నం మీద రెండు వ్యాసాలు, దేశ భవిష్యత్తు మీద ఒకటి తప్పనిసరిగా వుంటాయి. వాటి విలువ తగ్గించడం నా వుద్దేశం కాదు. అయితే యీసారి తాబేలుని గురించి రాస్తానని సంచిక కమిటీ మిత్రులతో చెప్పినప్పుడు ఒకాయన నవ్వి, "వ్యాసం వచ్చే ఏడాది సంచికకి అందుతుందేమో చూసుకో" అన్నాడు. నవ్వితే నవ్వనివ్వండి. మన కాలేజీ తామరకొలనులో యీ ఏడాది మూడు కొత్త తాబేళ్ళు తేలాయి. వాటిని అక్కడ వేసింది దేవుడు కాదు, మనలో ఎవరో ఒకరు. అంచేత యిది మనందరి విషయమే.

ఆ తాబేళ్ళ కళ్ళ వెనక ఎర్రటి చార వుంటుంది. అది చూస్తే చాలు, మన చెరువుల తాబేలు కాదని పోల్చుకోవచ్చు. అమెరికాలో మిసిసిపీ నది ప్రాంతం దాని పుట్టిల్లు. మా జువాలజీ వాళ్ళు ట్రాకెమిస్ స్క్రిప్టా ఎలిగెన్స్ అంటారు. పట్నాల్లో అక్వేరియం దుకాణాల్లో రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్ద పిల్లల్ని గాజు గిన్నెల్లో పెట్టి అమ్ముతారు. మన దేశపు తాబేళ్ళకి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపలా వుంది కనక దుకాణాలవాళ్ళు పరాయిదేశపు దాన్ని పట్టుకున్నారు. పిల్లల ముచ్చట కోసం కొనేవాళ్ళు కొందరైతే, వాస్తు కోసం కొనేవాళ్ళు మరికొందరు. ఉత్తరం దిక్కున తాబేలుంటే డబ్బు నిలుస్తుందిట! డబ్బు మాట అటుంచండి. ఆ గిన్నెలో తాబేలుకి మునగడానికి లోతు లేదు, ఎక్కి కూచోడానికి రాయి లేదు, ఎండ అసలే లేదు. ప్రాణమున్న జీవిని గోడ గడియారంలాగా దిక్కు చూసి అమర్చుకునే యీ తెలివి మనకి ఎక్కడినుంచి వచ్చిందో!

యిదంతా పుస్తకం ముందు పెట్టుకుని రాస్తున్నాననుకోకండి. అటువంటిది మా యింట్లోనే ఒకటి వుంది. హైదరాబాదులో వుద్యోగం చేసే మా అన్నయ్య నాలుగేళ్ళ క్రితం కొన్నాడు. "యింతే వుంటుందండీ, పెరగదు" అని దుకాణం అతను నమ్మబలికాడట. పెరగని తాబేలు దేవుడి గదిలో యిత్తడిది ఒక్కటే. యిది పెరిగింది. గిన్నె చాలక టబ్బు, టబ్బు చాలక బాత్‌రూము. యింతలో మా వదిన నెల తప్పింది. డాక్టరమ్మ గారు తాబేలు నీళ్ళు ముట్టుకోవద్దని గట్టిగా చెప్పారు. తాబేళ్ళ ఒంటిమీద సాల్మొనెల్లా అనే బాక్టీరియా వుంటుంది. దానివల్ల తాబేలుకి ఏమీ కాదు గానీ మనకి విరోచనాలు, జ్వరం. పసిపిల్లలకైతే ప్రాణం మీదికి కూడా రావచ్చు. యీ కారణంచేతనే అమెరికాలో నాలుగంగుళాలకి తక్కువ చిప్పవున్న తాబేళ్ళ అమ్మకాన్ని 1975లోనే నిషేధించారు. విచిత్రమేమిటంటే ఎగుమతికి మాత్రం తలుపులు తెరిచే వుంచారు. వాళ్ళ పిల్లలకి పనికిరానిది మన పిల్లలకి బొమ్మ అయింది!

మొత్తానికి అన్నయ్య దాన్ని ప్లాస్టిక్ బకెట్లో పెట్టుకుని, పైన తువ్వాలు కప్పి, రాత్రి బస్సులో మా వూరు తెచ్చాడు. గేదెల్ని అమ్మేశాక మా దొడ్లో కుడితి తొట్టి ఖాళీగా పడివుంది. అందులో కాపురం పెట్టించాం. వచ్చినప్పుడు దాని చిప్ప వేలితో నొక్కితే లొంగేది. ఎండ తగలని జీవానికి ఎముక గట్టిపడదు. సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు పడితేనే దాని ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది, అప్పుడే తిన్న కాల్షియం ఒంటబడుతుంది. చిప్ప అంటే పైన తొడుక్కున్న చొక్కా కాదు. వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి వెడల్పైన గూడు అది. దానిపైన మన గోళ్ళలో వుండే కెరటిన్‌తో పలకలు. మనకి భుజపు రెక్క ఎముక పక్కటెముకల బయట వుంటే తాబేలుకి లోపల వుంటుంది. మాస్టారు యీ సంగతి చెప్పినప్పుడు వెనక బెంచీలో నేనొకసారి నా వీపు తడిమి చూసుకున్నాను. దొడ్లో ఎండా, ముల్లుతోసహా చిన్న చేపలూ దొరికాక నాలుగైదు నెలలకి దాని చిప్ప గట్టిపడింది.

దానికి 'మునసబు' అని పేరు పెట్టింది మా మామ్మ. ప్రొద్దున్న ఎనిమిదింటికి ఎండ తొట్టిమీదకి వచ్చేసరికి యిటుకల మీదకి ఎక్కి, వెనక్కాళ్ళు రెండూ బారచాపి, మెడ నిక్కించి దొడ్లోకి వచ్చేపోయేవాళ్ళని ఒక్కొక్కళ్ళనే పరకాయించి చూస్తుంది. శిస్తు బాకీ పడ్డవాళ్ళని చూసినట్టు! 1984లో ప్రభుత్వం మునసబు కరణాల పదవులు రద్దు చేసినా మా దొడ్లో మాత్రం ఆ దర్జా సాగుతోంది. గోళ్ళు పొట్టిగానూ, తోక సన్నగానూ వున్నాయి కనక అది ఆడదని నేను తేల్చి చెప్పాను. (మగవాటికి ముందుకాళ్ళ గోళ్ళు పొడుగ్గా వుంటాయి, ఆడదాని మొహం ముందు వాటిని టపటప ఆడించి ప్రసన్నం చేసుకుంటాయి. మన కాలేజీ గేటు దగ్గర దువ్వెనలు ఆడించే మిత్రులు నన్ను క్షమింతురు గాక.) "ఆడదైతే మాత్రం మునసబు కాకూడదా?" అంది మామ్మ. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

దాని చేష్టలు రాస్తే యీ సంచిక చాలదు. స్టీలు కంచం చప్పుడైతే నీళ్ళలో దబ్బుమని దూకి ఒడ్డుకి వచ్చి నోరు తెరుస్తుంది. గాజు సీసా చప్పుడైతే కదలదు. ఎరుపంటే మహా యిష్టం. తాబేళ్ళకి రంగులు బాగా తెలుస్తాయి, ముఖ్యంగా ఎరుపు. అట్లతద్దికి మా చెల్లెలు గోరింటాకు పెట్టుకున్న కాళ్ళతో తొట్టి పక్కన నడిస్తే అది లోపల గోడవెంట అటూ యిటూ పరుగే పరుగు. పరుగు అనే రాశాను, కుందేలు కథ రాసినవాడు నీళ్ళలో తాబేలుని చూసి వుండడు. తిండి చేతినుంచి ఎంత మర్యాదగా అందుకున్నా ఒడ్డుమీద మింగదు. నోట కరుచుకుని నీళ్ళలోకి పోవలసిందే. నీళ్ళు లేనిదే దానికి ముద్ద దిగదు. అన్నం పెడితే ముట్టదు. తోటకూర, వరిచేలో పెంచే అజొల్లా, వానపాములు, బోదెల్లో దొరికే చిన్న చేపలు, యివీ దాని భోజనం. రెండు రోజులకొకసారి నీళ్ళు మార్చకపోతే దొడ్డి అంతా కంపు. మొదట్లో, కాలువలు కట్టేసిన వేసవిలో, "మనుషులకే నీళ్ళు లేకపోతే దీనికి స్నానాలా!" అని మామ్మ సణిగేది. తరవాత ఆ మురుగు నీళ్ళు అరటి పాదుల్లోనూ, తోటకూర మడిలోనూ పోయడం మొదలుపెట్టింది. గెల బరువు చూశాక సణుగుడు మానేసింది.

యిక అసలు తగువు దగ్గరికి వస్తాను. కిందటి సంవత్సరం కార్తీకమాసంలో నాన్న, "దీనికి యీ ఖైదు ఎందుకురా? చెరువులో వదిలెయ్యి, పుణ్యం వస్తుంది. దాని తిండి అది తింటుంది" అన్నాడు.

"దాని తిండి కాదు నాన్నా, మన తాబేలు తిండి" అన్నాను నేను.

నాన్న మాటలో జాలి వుంది, కాదనను. ఆ జాలి వున్నవాళ్ళే చెరువుల్లో, గుడి కోనేళ్ళలో, యిప్పుడు మన కొలనులో వీటిని వదులుతున్నారు. ప్రపంచంలో అన్నిటికన్నా చేటు చేసే వంద పరాయి జాతుల జాబితా ఒకటి అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వాళ్ళు వేశారు. అందులో యీ ఎర్రచెవి తాబేలు వుంది. 1997లో యూరపు దేశాలు దీని దిగుమతి ఆపేశాయి. ఫ్రాన్సులో రెండు జాతుల్నీ ఒకేచోట వుంచి చూస్తే, ఇవి అక్కడి స్థానిక తాబేళ్ళని ఎండకాచుకునే చోటునుంచి నెట్టేశాయి, పాపం అవి బరువు తగ్గాయి, చావులూ ఎక్కువయ్యాయి. కేరళలో త్రిశ్శూరు దగ్గర ఒక కాలువలో 2018లో యివి బయటపడ్డాయి. యిదంతా నాన్నకి చెప్పాను. విన్నాడు గానీ, "ఒక్క తాబేలు ఎంత చెరువు పాడుచేస్తుందిరా?" అని కొట్టిపారేశాడు.

అప్పుడు గుర్రపుడెక్క గుర్తొచ్చింది. "నాన్నా, గుర్రపుడెక్క కూడా ఎవరో పువ్వు బాగుందని దక్షిణ అమెరికానుంచి తెచ్చిందే. మొదట ఒక్క మొక్కే" అన్నాను. నాన్న మాట్లాడలేదు. ప్రతి ఏడాదీ కాలువకి నీళ్ళు వదలకముందు బోదెలో డెక్క తీయించడానికి ఎంతమంది కూలీలు, ఎంత డబ్బు అవుతుందో ఆయనకి తెలిసినంతగా నాకూ తెలియదు. గట్లమీద వయ్యారిభామ సంగతి నేను ఎత్తనే లేదు. మర్నాడు వూళ్ళోకి వెళ్ళి ఇనప వల తెచ్చి, కాకులూ కుక్కలూ పడకుండా తొట్టికి మూత బిగించాడు. మన రైతులకి పరిసరాల శాస్త్రం చెప్పాలంటే పరాయి దేశపు నివేదికలకన్నా వాళ్ళ కాలువగట్టు చాలు. యీ సంగతి మన పాఠ్యపుస్తకాలు రాసేవాళ్ళు గుర్తించిన దాఖలా లేదు.

మన తాబేలు మాట కూడా చెప్పాలి. దమ్ము చేసేటప్పుడు చేలో బయటపడేది. చిప్పమీద మెత్తటి తోలు, వెనక్కాళ్ళు లోపలికి లాక్కుంటే తలుపుల్లా మూసుకునే మడతలు. నత్తల్నీ, పురుగుల్నీ, చచ్చిన చేపల్నీ తిని నీళ్ళు శుభ్రం చేస్తుంది. ఎండాకాలం బురదలో కూరుకుని వానల దాకా పడుకుంటుంది. నా చిన్నప్పుడు నాగలికి అడ్డం వస్తే నాన్న దాన్ని రెండు చేతులతో ఎత్తి పంటబోదెలో వదిలేవాడు. యిప్పుడు ట్రాక్టరు చక్రాలకి కళ్ళుండవు. మందులు సరేసరి. రెండేళ్ళుగా మా చేలో నేను ఒక్కటీ చూడలేదు. మన కొలనులో మాత్రం ఒకటి వుందని తోటమాలి చెప్పాడు, నేనూ చూశాను. ఆ కొలనులో ఎండకాచుకునే రాయి ఒక్కటే. మొన్న ఒక మధ్యాహ్నం వెళ్ళి చూస్తే ఆ రాయిమీద మూడు ఎర్రచెవులూ బారుతీరి కూచుని వున్నాయి. మన పాతకాపు నీళ్ళలోంచి ముక్కు మాత్రం పైకి పెట్టి తేలుతోంది.

"అయితే ఎర్రచెవి వద్దు, మనదే పెంచుకుంటాం" అన్నాడు మా హాస్టలు మిత్రుడొకడు. అదీ కుదరదు. మన నీటి తాబేలుని పట్టినా, నక్షత్ర తాబేలుని గదిలో దాచినా మూడేళ్ళకి తక్కువ కాకుండా జైలు. నక్షత్ర తాబేలుని శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి గుడి ఆవరణలో చూసి చాలామంది ముచ్చటపడతారు. ఆ చిప్పమీది చుక్కల అందమే దాని కొంప ముంచింది. దొంగతనంగా విదేశాలకి తరలించేవాళ్ళు ఎక్కువై, 2019లో ప్రపంచ దేశాలన్నీ కలిసి దాని వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించవలసి వచ్చింది.

మరి కొన్నవాళ్ళు ఏం చెయ్యాలి? నా అభిప్రాయం కటువుగానే చెబుతాను. కొత్తగా ఎవరూ కొనకూడదు. కొన్నవాళ్ళు అది చచ్చేదాకా చూసుకోవాలి. చూసుకోలేనివాళ్ళు చెరువు వైపు చూడకూడదు. యిది చెప్పినంత సులభం కాదని నాకు తెలుసు. బాగా చూస్తే అది ముప్ఫై ఏళ్ళు బతుకుతుంది. నాకు యిప్పుడు యిరవై. నేను యం.యస్సీ.కి వెళితే, ఆ తరవాత వుద్యోగం ఎక్కడో వస్తే, మునసబుని ఎవరు చూస్తారని నాన్న అడిగాడు. యింట్లో అన్నయ్యకీ నాకూ ఆస్తి పంపకాల మాట యింకా రాలేదు గానీ, వచ్చిననాడు పొలం సంగతి తేలినా మునసబు సంగతి తేలదని మామ్మ జోస్యం. నాన్నకి నేను యిచ్చిన జవాబు ఒకటే: నేను ఎక్కడ అద్దెకి దిగినా దొడ్డి వున్న యిల్లే చూసుకుంటాను. పట్నంలో దొడ్డి వున్న యిల్లు దొరకడం ఎంత కష్టమో అన్నయ్య నవ్విన నవ్వులో తెలిసింది.

యిక మన కొలను. యూనియన్‌ అధ్యక్షుల వారికీ, ప్రిన్సిపాల్ గారికీ నా మనవి. జువాలజీ లాబు వెనక నీళ్ళ టాంకు పక్కన ఖాళీ స్థలం వుంది. అక్కడ ఆరడుగుల సిమెంటు తొట్టి ఒకటి, నడుమ ఎక్కడానికి రాళ్ళు, సగానికి నీడ, పైన వల. కొలనులోని మూడింటినీ పట్టి అందులో వెయ్యాలి. ఆడా మగా కలిసి వుంటే గుడ్లు పెడతాయి కనక నడుమ గోడ కట్టాలి. పెంచలేక విసిగినవాళ్ళు ఎవరైనా సరే, పేరు అడగకుండా అక్కడ యిచ్చిపోయే ఏర్పాటు చెయ్యాలి. పేరు అడిగామా, రాత్రిపూట కొలనులోనే వేసి పోతారు. గుడ్డు పొదిగే వేడినిబట్టి పిల్ల ఆడో మగో తేలే జీవి యిది, మా క్లాసుకి కళ్ళెదుటి పాఠం కూడా అవుతుంది. ముట్టుకున్నవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కోవాలని బోర్డు మాత్రం పెద్ద అక్షరాలతో రాయించాలి. తొట్టి ఖర్చు యూనియన్ వారి వార్షికోత్సవపు పందిరి ఖర్చులో నాలుగో వంతు కూడా కాదని మా మేస్త్రీ లెక్క.

తోటకూరా, అజొల్లా సోమవారం సోమవారం మా వూరినుంచి నేను తెస్తాను. చేపల సంగతి మెస్ కమిటీ వాళ్ళు చూసుకోవాలి.