ఎదురు సైకిల్‌కు ఒక నమస్కారం



ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల రోడ్ల మీద తెల్లవారుజామున రెండు రకాల సైకిళ్ళు కనిపిస్తాయి. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా తగిలించుకొని షిఫ్టుకు వెళ్ళే కార్మికులవి, డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్‌లవి, పాల క్యాన్లు మోసేవారివి ఒక రకం. హెల్మెట్, గ్లౌజులు వేసుకొని వ్యాయామం కోసం వచ్చేవారివి రెండవ రకం. ఈ రెండవ రకం వారు తమవంటి సైకిలిస్టు ఎదురైతే చేయి ఊపుతారు, చిరునవ్వు నవ్వుతారు. చాలా మంచి అలవాటు. కానీ ఆ చేయి టిఫిన్ డబ్బా సైకిల్‌ను చూసి లేవడం అరుదు. మా అభ్యంతరమంతా ఇక్కడే. తనవారిని మాత్రమే పలకరించేవారి గురించి కొండమీది ప్రసంగంలో ఏమున్నదో మన సంఘ కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు.

"చిన్నవాళ్ళే ముందు నమస్కారం పెట్టాలి కదా" అని కొందరు అంటారు. వయసులో చిన్న అయితే సరే. డబ్బులో చిన్న అనే అర్థంలో అయితే ఈ మాటకు మన ప్రాంతంలో ఒక చేదు చరిత్ర ఉంది. నిజాం కాలంలోను, ఆ తర్వాత చాలా ఏళ్ళ వరకు కూడా, తెలంగాణలోని ఎన్నో పల్లెల్లో దొర గడీ ముందు నుంచి పేదవాడు సైకిల్ తొక్కుకుంటూ పోవడానికి వీలుండేది కాదు. దిగాలి, చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి, వంగి దండం పెట్టాలి, సైకిల్‌ను నడిపించుకుంటూ దాటాలి. దళితుడు సైకిల్ ఎక్కడమే తప్పుగా చూసిన ఊళ్ళున్నాయి. 1946 నుంచి 1951 వరకు జరిగిన సాయుధ పోరాటంలో భూమితో పాటు ఈ అవమానాల మీద కోపం కూడా ఉంది. అటువంటి పల్లెల నుంచి పట్నం వచ్చి ఫ్యాక్టరీ పనుల్లో కుదురుకున్న కుటుంబాలు మన మధ్య లేకపోలేదు. తాతను సైకిల్ దింపిన నమస్కారాన్ని మనవడి దగ్గర మళ్ళీ ఆశించకూడదు. అందుకే మా అభిప్రాయం ఇది: ఖరీదైన సైకిల్ మీద ఉన్నవారే ముందుగా పలకరించాలి. ఎదుటివారు బదులివ్వకపోతే దానిని లెక్క పెట్టుకోకూడదు. అతని వెనుక ముప్పై కిలోల మూట ఉండవచ్చు, కంటికి శుక్లం ఉండవచ్చు, రాత్రంతా నిద్ర లేకపోయి ఉండవచ్చు.

పలకరింపు అంటే పెద్ద పనేమీ కాదు. తల ఊపితే చాలు. ఒక్కొక్క చేతి కింద ఒక్కొక్క బ్రేకు ఉంటుంది కాబట్టి, చేయి తీస్తే ఒక బ్రేకు వదిలినట్టే. ఉప్పల్ నుంచి నారపల్లి వైపు 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ పనుల వల్ల ఏళ్ళ తరబడి గుంతలు, దుమ్ము భరించినవారికి ఈ సంగతి మాకంటే బాగా తెలుసు. వెనుక నుంచి గంట కొట్టి పలకరించవద్దు. రోడ్డు మీద గంటకు "తప్పుకో" అనే అర్థం. ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లలకు పలకరింపు కంటే కాస్త దూరంగా తప్పుకొని దారి ఇవ్వడమే మర్యాద. వారే తల ఊపితే మనమూ ఊపుదాం.

ఇంత చిన్న విషయానికి ఆరోగ్య పత్రికలో చోటెందుకని అడగవచ్చు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి సంఘం 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక చెబుతోంది. ఒడిశా, బీహార్ల నుంచి వచ్చి ఒక్క గదిలో నలుగురైదుగురు ఉంటూ పనిచేసుకొనేవారికి రోజంతటిలో పని చెప్పడానికి కాక ఊరకే పలకరించే మనిషి ఒక్కరూ దొరకకపోవచ్చు.

మరొక లాభం కూడా ఉంది. నమస్కారానికి మూడు కావాలి: ముఖంలో నవ్వు, లేచే చేయి, పలికే మాట. పక్షవాతం వచ్చినప్పుడు చాలామందిలో ముందుగా దెబ్బతినేవి కూడా ఈ మూడే. మూతి ఒక పక్కకు వంకర పోతుంది, ఒక చేయి లేవదు, మాట ముద్దగా వస్తుంది. రోజూ పలకరించుకొనేవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. అటువంటిది కనిపిస్తే మనిషిని సైకిల్ మీద నుంచి దింపి, కూర్చోబెట్టి లేదా పక్కకు తిప్పి పడుకోబెట్టి, 108కు ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15 నుంచి ఉన్న ఉచిత సేవ ఇది. నోట్లో నీళ్ళు గాని, మాత్రలు గాని పోయవద్దు, వేయవద్దు. మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్ పనికివచ్చే రోగులకు దానిని సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపు ఇవ్వాలి. అందుకే ఆసుపత్రిలో డాక్టరు గారు మొదట అడిగేది, ఈయన చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడు అని. ఇంట్లో ఒంటరిగా ఉండే మనిషి విషయంలో ఆ ప్రశ్నకు జవాబు ఎవరి దగ్గరా ఉండదు. "పొద్దున్న ఏడింటికి నాచారం రోడ్డు మీద ఎదురుపడ్డాడు, నవ్వి నమస్తే అన్నాడు, మాట స్పష్టంగానే ఉంది" అని చెప్పగలిగే ఒక సైకిల్ మనిషి ఉంటే, డాక్టరు గారికి ఆ ఏడు గంటలే లెక్క.