నడివయస్సున పరుగు

నలువదియైదేండ్లు దాటినవాడు, అందును నడుమునొప్పి గలవాడు, తెల్లవారుజామున కాలువగట్టు మీద పరుగెత్తుట మతిలేని పనియని మన యూరిలో పలువురి తలంపు. వాకిట కల్లాపి చల్లుచున్న ఒక పెద్దమ్మ మొదటి దినమున మమ్ము చూచి, "ఏం మాస్టారూ, ఎవరన్నా తరుముతున్నారా?" యని భయముతో నడిగినది. నాడు నవ్వి యూరకుంటిమి. ఆమెకు ఇయ్యవలసిన యుత్తరమును ఇచ్చట వ్రాయుచున్నాము.

మా నడుమునొప్పి పదకొండేండ్ల నాటిది. మొదట వారములుండెను, పిదప మాసములుండెను, పిదప ఇంటిలో నొక మనిషివలె స్థిరపడెను. ఒకరు నడుమునకు పట్టా బిగించిరి. ఒకరు వంగవద్దనిరి, మరియొకరు మెట్లెక్కవద్దనిరి. మేము విధేయులమై అన్నియు మానితిమి. మానినకొలది నొప్పి తగ్గలేదు, మేమే తగ్గితిమి. తుదకొక ఆదివారమున ఆలయములో అందరును మోకాళ్లూనగా మేమొక్కరమే బల్లపై కూర్చుండిపోయితిమి. నాటి సిగ్గు నొప్పికంటె నెక్కువగా బాధించెను.

మూడు మాసములకు మించి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలికమందురు. 2020లో లోకమున సుమారు 61 కోట్ల 90 లక్షల మందికి నడుమునొప్పి గలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టినది. ఆ సంస్థయే 2023 డిసెంబరులో ప్రకటించిన మార్గదర్శకములలో దీర్ఘకాలపు నడుమునొప్పికి వ్యాయామమును సిఫారసు చేసి, పట్టాలను మామూలుగా ఇయ్యవలదనినది. ఏలయనగా పాతనొప్పి యెల్లప్పుడును క్రొత్త గాయమునకు గుర్తు కాదు. గంట కొట్టు నౌకరు సెలవుదినమని మరచి గంట కొట్టినట్లు, గాయము మానిన పిదపను నరములు హెచ్చరించుచునే యుండవచ్చును. అయితే ఒక మాట. కాలు మొద్దుబారినను, కాలి బలము తగ్గినను, మలమూత్రములపై పట్టు తప్పినను, నొప్పితో జ్వరము వచ్చినను పరుగు మాట తలపెట్టక వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. మేమును వైద్యుని యనుమతి పొందియే మొదలిడితిమి.

మొదటి మాసమున నూరడుగులు పరుగు, రెండువందల యడుగులు నడక. అంతకుమించి లేదు. నొప్పికి పదింట ఇన్నియని మార్కులు వేసికొనుచుంటిమి (మార్కులు వేయుట మాకలవాటే గదా). నాలుగు దాటినచో నడచుట. మరునాటి యుదయమునకు నొప్పి హెచ్చినచో ఆ వారమంతయు దూరము తగ్గించుట. నొప్పి చెప్పినదెల్ల వినలేదు, వినకుండను లేదు. ఇట్లు రెండేండ్లు గడచినవి. ఇప్పుడు పాఠశాల ద్వారము నుండి లాకుల వరకు పోయి తిరిగివచ్చుచున్నాము. పది కిలోమీటర్లు, గంటన్నర పట్టును. సైకిలుపై పాలు తెచ్చు కుఱ్ఱవాడు పోవునపుడొకసారి, వచ్చునపుడొకసారి మమ్ము దాటిపోవును.

నొప్పి పోయెనా యని యడుగుదురు. పోలేదు. నేటి యుదయమునను మూడు మార్కులు. పౌలు భక్తుడు తన శరీరమందలి ముల్లును గూర్చి ముమ్మారు వేడుకొనెను. ముల్లు తీయబడలేదు, ప్రయాణములును ఆగలేదు. మేమిప్పుడు ఆలయములో మోకాళ్లూనుచున్నాము. లేచుటకు మాత్రము బల్ల పట్టుకొందుము.

మోకాళ్లు అరిగిపోవునని సహోపాధ్యాయులు భయపెట్టిరి. 2017లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో తుంటి, మోకాలి కీళ్లవాతము మితముగా పరుగెత్తువారిలో నూటికి 3.5, పరుగెత్తనివారిలో 10.2, పోటీలకై పరుగెత్తువారిలో 13.3 చొప్పున కనబడినది. కీళ్లు నొచ్చువారు ముందే పరుగు మానియుందురు గనుక ఇదంతయు పరుగు మహిమయే యనజాలము. కాని మా మిత్రుల భయమునకు మాత్రము ఆ లెక్క తోడ్పడదు.

మన పాఠశాలలలో పరుగన్నచో బహుమానమే. ఎరిక్ లిడెలు గారు ఆదివారమున పరుగెత్తననుటయు, 1924లో పారిసు ఒలింపిక్సులో 400 మీటర్ల పందెము గెలుచుటయు వేదికపై చెప్పుచుందుము. మెచ్చదగిన కథయే. కాని అప్పుడాయన 22 ఏండ్లవాడు, లోకములో మేటి. పంజాబులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఫౌజాసింగు గారి కథ చెప్పుట యరుదు. పసితనమున కాళ్లు బలహీనమై ఐదేండ్ల వరకు నడువలేని ఆయన, తన లెక్క చొప్పున 89వ యేట, 2000లో లండనులో మొదటిసారి 42.195 కిలోమీటర్ల మారథాను పూర్తిచేసెను. జన్మపత్రము లేనందున గిన్నిసువారు ఆయన వయస్సు నంగీకరింపలేదు. ఆ వయస్సులో అయిదేండ్లు తగ్గించినను మాకు చాలును.

డ్రిల్లు గంటలో వేపచెట్టు క్రింద కూర్చుండు పిల్లలు ప్రతి తరగతిలో నలుగురైదుగురుందురు. "కాలు నొప్పి", "ఆయాసము", "నీరసము" అని తండ్రి వ్రాసిన చీటి, దానిపై ఉపాధ్యాయుని సంతకము. అట్టి చీటీలపై ఇరువదేండ్లు మేమును సంతకము చేసితిమి. అందు గడువు తేదీ యుండదు. ఆరవ తరగతిలో చెట్టు క్రింద కూర్చున్నవాడు పదవ తరగతిలోను అచ్చటనే యుండును. ఈ పిల్లవాడు ఏమి చేయరాదని యడిగితిమే గాని, ఏమి చేయవచ్చునని ఏ తలిదండ్రులనైనను, వైద్యునైనను అడిగియుండలేదు. ఇది మా తప్పు. ఇకమీదట చీటీలో ఆ రెండవ ప్రశ్నకు జవాబును, తేదీయు ఉండవలెనని మా మనవి.

శనివారములు ఉదయము ఐదున్నరకు మైదానమున మెల్లని పరుగు మొదలిడితిమి. గడియారము లేదు, బహుమానము లేదు. తలిదండ్రులును రావచ్చును. నీళ్లు ఎవరివి వారే తెచ్చుకొనవలెను. పోయిన వారము ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు చెట్టు క్రిందినుండి లేచి వచ్చెను. వాని తల్లి పంపిన క్రొత్త చీటీలో "నడవవచ్చును, మెల్లగా పరుగెత్తవచ్చును, ఆయాసము వచ్చిన ఆగవలెను" అని డాక్టరు గారి వ్రాత గలదు. వాడు చీటి మా చేతికిచ్చి, "మీరు మరీ జోరుగా పరుగెత్తరు గదా, మాస్టారూ?" అనెను. పాలబ్బాయి నడుగుమంటిమి.