ఇంటీజర్ సంచి విప్పి చూపించండి

ఈసారి స్కాలర్‌షిప్ గురించి కాదు, జావా గురించి రాస్తున్నాం. తిరిగి తిరిగి స్కాలర్‌షిప్ దగ్గరికే వస్తుంది లెండి.

ఆటోబాక్సింగ్ అంటే ఏంటని అడిగితే మా హాస్టల్లో ఎవరైనా రెండు మార్కుల జవాబు గడగడా చెప్పేస్తారు. లోపల ఏం జరుగుతుందో మాత్రం క్లాసులో చెప్పరు. ఇది మాకు నచ్చట్లేదు.

ఆరేలిస్ట్‌లో ఇంట్ నేరుగా పట్టదు, ఆబ్జెక్టులే పడతాయి. అందుకే ప్రతి అంకెనీ ఇంటీజర్ అనే ఆబ్జెక్టులో చుట్టాలి. 2004లో జావా 5 వచ్చేదాకా ఆ చుట్టడం ప్రోగ్రాం రాసేవాళ్ళే చేసేవాళ్ళు, ఇప్పుడు కంపైలరే చేసేస్తోంది. ఒక్కో చింతపిక్కని ఒక్కో సంచిలో కట్టి, ఆ సంచి ఎక్కడుందో రాసిన చీటీని బుట్టలో వేసినట్టు అన్నమాట. ఇంట్‌కి 4 బైట్లు చాలు. మామూలుగా మనం వాడే 64 బిట్ జావాలో ఇంటీజర్‌కి 16 బైట్లు, చీటీకి ఇంకో 4. పది లక్షల అంకెలైతే ఎంతో మీరే లెక్కేసుకోండి.

బరువు సంగతి అలా ఉంచండి, అసలు గొడవ పోల్చే దగ్గర. రెండు ఇంటీజర్లని == తో పోలిస్తే లోపలి పిక్కని చూడదు, రెండూ ఒకే సంచా కాదా అని చూస్తుంది. -128 నుంచి 127 దాకా జావా ముందే కట్టిపెట్టిన సంచుల్నే అందరికీ ఇస్తుంది. కాబట్టి 100, 100 సమానమే అంటుంది. 1500, 1500 అయితే మామూలుగా కాదు పొమ్మంటుంది! ల్యాబులో మార్కులతో టెస్ట్ చేస్తే ప్రోగ్రాం బ్రహ్మాండంగా నడుస్తుంది. అదే ప్రోగ్రాం మంజూరైన డబ్బునీ, ఖాతాలో పడిన డబ్బునీ పోల్చాల్సి వస్తే? ఈక్వల్స్ మెథడ్ వాడండి అని ఒక్క ముక్క చెప్తే పోయేదానికి!

'ఇవన్నీ ఇంటర్వ్యూ ట్రిక్కులు' అనేవాళ్ళున్నారు. ఇంట్లో లాప్‌టాప్ ఉన్నవాళ్ళు రాత్రిపూట రాసి చూసి తెలుసుకుంటారు. ముగ్గురికో సిస్టం దొరికే మాకు క్లాసులో చెప్తేనే తెలుస్తుంది. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు, అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు.

సీనియర్లూ, ఆదివారం ఒక గంట ఇవ్వండి. 127తో ఒకసారి, 128తో ఒకసారి జూనియర్ల చేత రాయించండి. అవుట్‌పుట్ చూశాకే డెఫినిషన్. సిస్టం లేకపోయినా ఫోన్లో ఆన్‌లైన్ కంపైలర్ చాలు. సిగ్నల్ మేడ మీదే వస్తుంది కాబట్టి అక్కడే కూర్చుందాం.