మానుచున్న తొడయెముకకు బీమా యేది?

చేతికి వచ్చిన పైరు వడగండ్లకు బోయినచో ఊరెల్ల జూచును. పశువు చచ్చినచో పదిమంది వచ్చి పలుకరింతురు. కాని తొడయెముక విరిగి, చికిత్స పొంది, క్రమముగా మానుచున్న రైతునకు గలుగు నష్టమును ఎవ్వరును లెక్కింపరు. “భయమేమి? ఆరు నెలలలో నడచును గదా” యందురు. ఆ ఆరు నెలలలో ఒక పంటకాలము గడచిపోవునన్న మాట మఱతురు. ఈ మాసమున మేము సభ్యుల దృష్టికి దెచ్చు విషయమిదియే.

మృగశిరలో మన నిర్మల్ ప్రాంతపు బాటలెట్లుండునో మీరెఱుగుదురు. విత్తనపు సంచితో బోవు మోటారు సైకిలు జారును. గట్టు దాటబోయిన ట్రాక్టరు బోల్తాపడును. 44వ జాతీయ రహదారిపై వాహనము తగులును. 2005లో మొదలైన 108 బండి వచ్చి గాయపడినవానిని ఆసుపత్రికి జేర్చును. అర్హతగల కుటుంబములకు ఆరోగ్యశ్రీ వలన చికిత్సావ్యయము చాలవరకు తప్పును. 2023 డిసెంబరులో దాని పరిమితిని పది లక్షల రూపాయలకు బెంచిరి. వైద్యులు ఎముక నడిమి గుల్లలోనికి లోహపు కడ్డీ దింపి విరిగిన కొనలను నిలుపుదురు. జర్మనీ వైద్యుడు క్యుంచర్ 1939లో ఈ పద్ధతిని మొదలుపెట్టెను. అంతకుముందు కాలికి బరువు వ్రేలాడగట్టి నెలల తరబడి మంచమున బరుండవలసి వచ్చెడిది. ఇంతవరకు మనకు జరిగిన మేలు గొప్పది.

కాని కడ్డీ ఎముకను నిలుపునే గాని యతికింపదు. అతుకుట దేహము చేయు పని. మామిడియంటు కట్టినవారికిది సులభముగా దెలియును. కట్టు ఎంత బిగువైనను రెండు కొమ్మలు కలిసి యొక్కటగుటకు దినములు పట్టును. తొందరపడి తల్లిచెట్టునుండి కోసినచో అంటు ఎండును. ఎముకయు నట్లే. విరిగినచోట మొదట నెత్తురు గడ్డకట్టును. రెండు మూడు వారములలో మెత్తని యతుకు పుట్టును. పిమ్మట అందు సున్నపు పదార్థము చేరి గట్టిపడును. పెద్దవారి తొడయెముక బలపడుటకు సాధారణముగా మూడు మొదలు ఆరు నెలలు పట్టును.

ఈ కాలమున రెండు తప్పులు జరుగుచున్నవి. నొప్పి తగ్గెను గదా యని బరువులెత్తుట మొదటిది. నొప్పి ముందు పోవును, బలము తరువాత వచ్చును. ఎముక యతుకకముందే మితిమీరిన భారము పడినచో కడ్డీయే వంగవచ్చును, విరుగవచ్చును. భయపడి బొత్తిగా కదలకుండుట రెండవది. దానివలన మోకాలు బిగిసికొనును, తొడకండ చిక్కిపోవును. వైద్యుడు ఎంత బరువు మోపుమనునో అంతయే మోపి, వాకరు సాయమున నడచుచు, మోకాలు వంచి చాచుచుండవలెను. బీడీ, చుట్ట మానవలెను. పొగ త్రాగుట యతుకునకు ఆలస్యము చేయును. పప్పు, పాలు, గ్రుడ్లు, ఆకుకూరలు పథ్యమను పేర మాన్పింపరాదు. పిక్క వాచి నొప్పిపుట్టినను, ఆయాసము కలిగినను, జ్వరము వచ్చినను, గాయమున చీము కనబడినను నాడే వైద్యుని జూడవలెను.

ఇన్ని తెలిసియు వేళకు ముందే చేనికి బోవు రైతును అజ్ఞానియని మేము నిందింపజాలము. పత్తిలో గడ్డి మోకాలెత్తు పెరుగుచుండగా, సోయాకు పురుగు తగులుచుండగా మంచమున నెవడుండగలడు? 2018 ఆగస్టు 15 నుండి అమలైన రైతుబీమా వలన రైతు మరణించినచో ఇంటివారికి అయిదు లక్షలు వచ్చును. ఏటికి ఇరువది రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాదమున ప్రాణమో అవయవమో శాశ్వతముగా బోయినచో సొమ్మిచ్చును. చచ్చినవానికి లెక్క గలదు, కాలు పోయినవానికి లెక్క గలదు. కాలు బాగగుచున్నవానికి ఈ రెంటను లెక్క లేదు. అనావృష్టి వచ్చినప్పుడు రుణపు గడువు మార్చుటకు నియమములున్నవి. ఒక్క యింటిలో విరిగిన తొడకు కరువు ప్రకటన యుండదు. గడువు తప్పినచో వడ్డీ రాయితీయు బోవును. ఇంతలో ఆ యింటి యిల్లాలు రోగికి ఉపచర్య, పసులకు మేత, చేనికి కలుపు అన్నియు నొక్కతెయే మోయుచుండును.

సభ్య సోదరులారా! బీమా లేనిచోట ఇరుగుపొరుగే బీమా. నేడు నీ చేను, రేపు నా చేను అని మన పెద్దలు చేసికొన్న బదులుపని మనకు క్రొత్తది గాదు. ప్రతి సంఘమును ఒక చిన్న పుస్తకము నుంచి, గాయపడిన సభ్యుని చేనికి ఎవరేనాడు నాగలియో, ట్రాక్టరో, రెండు చేతులో ఇత్తురో వ్రాసికొనవలెను. అతడు కోలుకొన్న పిమ్మట అదే పుస్తకము జూచి తిరిగి తీర్చును. కావున ఇది దానము గాదు, ఎవరికిని చిన్నతనము లేదు. రుణపు గడువునకు ముందే కార్యదర్శి ఆ యింటికి బోయి, రాయితీ చేజారకుండుటకు మార్గమేమో విచారింపవలెను. చట్టము సమ్మతించిన మేరకు లాభములో గొంత ఇట్టివారి యక్కఱకు దీసి యుంచుటను రాబోవు మహాజనసభ యోచింపవలెను.

“ఎవరి చేను వారికే బరువు, పరుల చేనికి తీరిక యెక్కడిది?” యని కొందఱందురు. నిజమే, కార్తె యెవరి కొఱకు నాగదు. అయినను ఇరువది యిండ్లవారు తలకొక్క పూట యిచ్చినచో ఒక చేనికి పది దినముల పని యగును. ఆ పది దినములు దొరకకనే అతడు వాకరును గోడకానించి గుంటక పట్టును. తిరిగి విరిగిన యెముకకు తిరిగి ఆరు నెలలు. ఏది యెక్కువ ఖరీదో మీరే లెక్కవేయుడు.