పెంపుడు బిడ్డకూ పుట్టిల్లుంటుంది

దత్తత అనగానే మనకు గుర్తొచ్చేది అక్క కొడుకునో, మరిది కూతురినో తెచ్చుకోవడం. ఆ బిడ్డకు కన్నతల్లి ఎవరో తెలుసు, పెంచిన తల్లి ఎవరో తెలుసు. పండక్కి రెండిళ్ళూ తిరుగుతుంది. తినే పప్పుచారు ఒకటే, మాట్లాడే భాష ఒకటే. సముద్రాలు దాటి వెళ్ళి, వేరే దేశపు బిడ్డను ఒళ్ళోకి తీసుకునే తల్లుల సంగతి అలా కాదు. ఈ వారం వాళ్ళ గురించి చెప్పుకుందాం.

మావారు 2009 నుంచి మూడేళ్ళు ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో మన తెలుగు లెక్చరర్లు చాలామంది అక్కడ ఉండేవారు. మా వీధిలో ఒక గెస్ట్‌హౌస్ ఉండేది. దత్తత కోసం అమెరికా నుంచి, యూరప్ నుంచి వచ్చే దంపతులు అందులో దిగేవారు. 2010లో ఒక్క అమెరికాకే ఆ దేశం నుంచి 2,500 మందికి పైగా పిల్లలు వెళ్ళారంటే, ఎంత రాకపోకలో చూడండి! కూరల కోసం వెళ్తూ వస్తూ ఆ తల్లులతో మాటలు కలిసేవి. నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషు దానికి సరిపోయేది లెండి.

వచ్చిన ప్రతి ఒక్కరూ అనే మొదటి మాట, "ఇంత చల్లగా ఉందేమిటి?" అని. ఆఫ్రికా అంటే మండే ఎండ అనుకుని పల్చటి బట్టలు తెచ్చుకునేవారు పాపం. ఆడిస్ అబాబా మన ఊటీ కంటే ఎత్తులో ఉంది, 2,300 మీటర్ల పైనే. రెండు మెట్లెక్కితే ఆయాసం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. రోడ్ల మీద నీలం, తెలుపు రంగుల వ్యానులు, వాటి మధ్యనే బరువులు మోసే గాడిదలు. నీలగిరి కట్టెల పొగ, ఇంటింటా వేయించే కాఫీ గింజల వాసన.

రెండో ఆశ్చర్యం గడియారం. పొద్దున్న ఏడు గంటలైతే అక్కడివాళ్ళు ఒంటిగంట అంటారు! సూర్యుడు వచ్చిన దగ్గర్నుంచే వాళ్ళ లెక్క. సంవత్సరానికి పదమూడు నెలలు. మామూలుగా సెప్టెంబరు 11న వాళ్ళ ఉగాది. మనకు 2007 సెప్టెంబరు నడుస్తుంటే వాళ్ళకు 2000 సంవత్సరం వచ్చింది. ఇదంతా చూసి కొందరు "వెనకబడ్డ దేశం" అని నవ్వుకునేవారు. నాకైతే పొద్దు పొడిచినప్పట్నుంచి గడియలు లెక్కపెట్టే మన తాతలు గుర్తొచ్చేవారు. వాళ్ళ అమ్హారిక్ అక్షరాలకు మన గుణింతంలాంటిది కూడా ఉంది. ఒక్కో అక్షరానికి ఏడు రూపాలు.

ఆ తల్లుల్లో రెండు రకాలు చూశాను. ఒక రకం గది తలుపులు వేసుకుని, తెచ్చుకున్న బిస్కెట్లు తింటూ, కాగితాలు ఎప్పుడొస్తాయా, విమానం ఎప్పుడెక్కుదామా అని రోజులు లెక్కపెట్టేవారు. రెండో రకం చిన్న నోటుబుక్కు పట్టుకుని సందు సందూ తిరిగేవారు. ఒకావిడను "ఏం రాసుకుంటున్నారు?" అని అడిగాను. "రేపు నా కూతురు మా ఊరెలా ఉంటుందమ్మా అని అడిగితే చెప్పాలి కదా" అంది. నాకు ఎంత ముచ్చటేసిందో!

ఇంకొకావిడ స్కూలు టీచరు. ఆమె తీసుకున్న నాలుగేళ్ళ పిల్ల రెండు రోజులుగా పాలు తప్ప ఏమీ ముట్టలేదు. ఏడవదు, మాట్లాడదు. మా ఇంటి వరండాలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. మా ఇంట్లో పనికొచ్చే ఆవిడ తను తినబోతున్న ఇంజెరా ముక్క తుంచి, షిరోలో అద్ది, పిల్ల నోటి దగ్గర పెట్టింది. పిల్ల నోరు తెరిచింది! ఇంజెరా అంటే మన పుల్లట్టులాంటిదే. టెఫ్ అని గసగసాలంత సన్నటి ధాన్యం ఉంటుంది. దాని పిండి రెండు మూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద పోసి మూత పెడతారు. తిరగెయ్యరు. పైనంతా చిల్లులు పడుతుంది. షిరో అంటే సెనగల్లాంటి పప్పుల పిండితో చేసే పల్చటి కూర. మన బొంబాయి చట్నీకి కారం దట్టించినట్టుంటుంది. అలా చేత్తో నోట్లో పెట్టే ముద్దను వాళ్ళు గుర్షా అంటారు. ఇంకేముంది, మన గోరుముద్దే!

తరవాత ఆ టీచరమ్మ తనే పెట్టబోయింది. చేత్తో తినే అలవాటు లేదుగా, సగం పిల్ల గౌను మీద పడింది. అయినా పిల్ల తింది. మా పనావిడ ఆమెకు ఇంకో మాట నేర్పింది: "ఐజోష్". ధైర్యంగా ఉండు, నేనున్నాను అని ఆడపిల్లకు చెప్పే మాట అది. వెళ్ళే రోజు ఆవిడ షిరో పొడి, బెర్బెరే కారం, అంచున్న తెల్లటి నూలు పైబట్ట నెటెలా కొనుక్కుని వెళ్ళింది.

ఇదంతా ముచ్చట. దీని వెనక కన్నీళ్ళూ ఉన్నాయి. విదేశాలకు వెళ్ళిన పిల్లలందరూ ఎవరూ లేని అనాథలు కారు. తల్లి బతికుండి, రోగంతోనో లేమితోనో పెంచలేక ఇచ్చినవాళ్ళు చాలామంది. చదువుకుని తిరిగొస్తాడు, ఉత్తరాలు రాస్తాడు అనుకుని వేలిముద్ర వేసిన తల్లులూ ఉన్నారు. దత్తత అంటే బిడ్డ మీద హక్కు పూర్తిగా పోవడమని వాళ్ళకు విడమరిచి చెప్పినవాళ్ళు లేరు. ఇది పరాయి దేశం సంగతేనని అనుకోకండి. 1999లోనూ 2001లోనూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లంబాడా తండాల నుంచి ఆడపిల్లల్ని కొని దత్తతకు పంపిన కేసులు బయటపడ్డాయి. ఇథియోపియా చివరికి 2018 జనవరిలో విదేశీ దత్తతలను చట్టం చేసి ఆపేసింది.

అందుకే ఆ నోటుబుక్కు తల్లి నాకు గొప్పగా కనిపించింది. ఇథియోపియాలో ఇంటిపేర్లుండవు. బిడ్డ పేరు పక్కన తండ్రి పేరు, ఆ పక్కన తాత పేరు. దత్తతతో ఆ పక్క పేర్లు మారిపోతాయి. నాలుగేళ్ళ పిల్ల పరాయి దేశంలో కొన్ని నెలలకే తన భాష మర్చిపోతుంది. ఇక ఆ బిడ్డకు పుట్టిల్లంటూ మిగిలేది, పెంచిన తల్లి ఆ నాలుగు రోజుల్లో కళ్ళారా చూసి దాచుకున్నదే. చూడకుండా వచ్చేస్తే బిడ్డకు చెప్పడానికి ఏముంటుంది చెప్పండి?

ఈ మాట మన ఇళ్ళకూ వర్తిస్తుంది. ఇప్పుడు మన దేశంలో దత్తతలు కారా అనే ప్రభుత్వ సంస్థ ద్వారా జరుగుతున్నాయి. తెలుగు దంపతులకు వేరే రాష్ట్రం బిడ్డ కూడా రావచ్చు. అలా వెళ్ళేవాళ్ళకు నా సలహాలు నాలుగు. కాగితాల పని అయిపోగానే రైలెక్కకండి. ఒకటి రెండు రోజులు ఆ ఊళ్ళో ఉండండి. బిడ్డను చూసుకున్న ఆయమ్మను అడిగి, ఏం పెడితే తింటుందో, ఏ పాటకు నిద్రపోతుందో రాసుకోండి. ఆ ఇంటివి, వీధివి ఫొటోలు తీయండి. బిడ్డ పాత పేరును పారేయకండి, ముద్దుపేరుగా అయినా ఉంచండి. ఓదార్చే మాటలు రెండు ఆ భాషలో నేర్చుకోండి.

"అలా గుర్తుచేస్తుంటే బిడ్డ మనసు మనమీద నిలవదేమో" అని భయపడే అత్తగార్లుంటారు. పుట్టింటి కబుర్లు చెప్పుకోనిచ్చిన కోడలు అత్తింట్లో ఎక్కువ కలిసిపోతుందా, నోరు నొక్కేసిన కోడలా? వాళ్ళనే అడగండి. ఒడిశా నుంచి బిడ్డ వస్తే పఖాళ చెయ్యడం నేర్చుకోండి. పెద్ద కష్టమేమీ కాదు, మన చద్దన్నానికి అక్కచెల్లెలే!